మొదటి సూదే ముహూర్తం

పెళ్లిళ్లలో నన్ను ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "ఈమె మత్తు డాక్టర్" అని చెబుతారు. ఎదుటివాళ్లు మర్యాదగా నవ్వి, "నిమ్మళమైన పనే మేడం, ఒక్క సూది ఇచ్చి కూసుంటే అయిపాయె" అంటారు. ఉద్యోగమంతా ఈ మాట వింటూనే గడిచింది. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత "అవును, జీతం ఊరికే ఇస్తున్నారు" అని నేనే ఒప్పుకోవడం మొదలుపెట్టాను. వాదించి గెలిచేలోపు భోజనాలు చల్లారిపోతాయి.

ఇప్పుడు రిటైరై వరంగల్ మట్టెవాడలో మా ఇంటి మేడ మీద తీరిగ్గా కూర్చున్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు ఒక్క సంగతి చెప్పాలని రాస్తున్నాను. రోగిని నిద్రపుచ్చడం, క్షేమంగా లేపడం మీకు కాలేజీలో నేర్పుతారు. వారం తర్వాత ఆ రోగి కట్టు విప్పినప్పుడు గాయం పొడిగా ఉందా, చీము పట్టిందా అన్నదాంట్లో మనకూ వాటా ఉందని మాత్రం నన్ను తయారుచేసిన పెద్దలెవరూ నాకు చెప్పలేదు. చీము పడితే జనం సర్జన్‌ని తిడతారు. సర్జన్ సిస్టర్లను తిడతాడు. మత్తు డాక్టర్ జోలికి ఎవరూ రారు. మన వాటా తిట్లు మనమే అడిగి తీసుకోవాలి, అప్పుడే మన వాటా మెప్పు కూడా అడగవచ్చు. నేను రెండూ అడిగాను. మెప్పు కాస్త ఆలస్యంగా వచ్చింది.

నరహరి సార్ చలికాలం

నేను ఎక్కువ కాలం పనిచేసిన దవాఖాన పేరు చెప్పను. వరంగల్‌లోనే ఉంది, మంచి పేరున్నదే. అక్కడ మా పెద్ద సర్జన్ నరహరి సార్. అంత శుభ్రమైన చేయి నేను మళ్లీ చూడలేదు. కోస్తే నెత్తురు కూడా అడిగి వచ్చినట్టు ఉండేది. ఆయనకున్న ఒకే ఒక రోగం చెమట. గౌను వేసుకోగానే నుదుటి మీద చెమట కారేది. అందుకని పొద్దున థియేటర్ తలుపు తెరిచిన దగ్గర్నుంచి ఏసీ అడుగుకు దిగిపోయేది. బయట మే నెల ఎండ మాడ్చేస్తుంటే లోపల మేము స్వెటర్లు వేసుకుని పనిచేసేవాళ్లం.

మాకు స్వెటర్లు ఉన్నాయి. బల్ల మీద పడుకున్న మనిషికి పల్చటి గౌను తప్ప ఏమీ లేదు. పైగా మత్తు ఇచ్చాక ఒళ్లు తన వేడిని తాను కాపాడుకోలేదు, వణకడం కూడా చేతకాదు. చల్లబడిన ఒంట్లో చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. అప్పుడు గాయానికి రక్తం సరిగా అందదు, రక్తంతోపాటు ప్రాణవాయువూ అందదు, క్రిములతో పోట్లాడాల్సిన తెల్లకణాలూ మందగిస్తాయి. ఎంత చక్కగా కుట్టినా ఆకలితో ఉన్న గాయం మానదు. ఇది నేను కనిపెట్టింది కాదు, పుస్తకాల్లో ఉన్నదే. కాకపోతే పుస్తకం చదివినవాళ్లలో ఏసీ రిమోట్ జోలికి వెళ్లే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

రోగులు థియేటర్‌కు వచ్చేసరికే సగం చల్లబడి ఉండేవారు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆపరేషన్ అంటే వ్రతం లెక్క. తెల్లవారుజామున నల్లా కింద చన్నీళ్లతో తలస్నానం చేయించి, తడి జుట్టుతోనే తీసుకొచ్చేవారు. ఆ తడి తలతో వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లం. వర్ధన్నపేట నుంచి వచ్చిన ఒక రైతు పళ్లు టకటక కొట్టుకుంటుంటే సిస్టర్ "భయపడకు తాతా" అని ఓదార్చింది. ఆయన, "భయం లేదు బిడ్డా, సలి" అన్నాడు. ఆయన మాటే సరైన రోగనిర్ధారణ, మేమెవరమూ రాసుకోలేదు.

రాహుకాలం పోయేదాకా

రెండో చిక్కు గడియారంతో. కోత పెట్టే ముందే క్రిములను చంపే మందు రక్తంలో ఉండాలి. కోతకు ముందు గంటలోపు ఇస్తే సరిగ్గా పనిచేస్తుంది. మరీ ముందు ఇస్తే కత్తి పెట్టే వేళకు మందు పల్చబడుతుంది. కోసిన తర్వాత ఇస్తే దొంగలు పడ్డాక తలుపు వేసుకున్నట్టే.

మా దగ్గర వార్డులో పొద్దున్నే అందరికీ ఒకేసారి ఆ సూది వేసేవారు. ఆ తర్వాత అసలు కథ మొదలయ్యేది. రోగి బంధువులు పంతులును అడిగి గడియ రాయించుకుని వచ్చేవారు. ఆ గడియలోనే కత్తి పెట్టాలి. రాహుకాలం ఉంటే అది పోయేదాకా ఆగాలి. నవ్వకండి, మా నరహరి సార్ కూడా ఆగేవారు. ఆయన జేబులో చిన్న పంచాంగం ఉండేది. రోగి బల్ల మీద, చల్లటి గదిలో, మత్తు ఎక్కి పడుకుని ఉంటే మేమందరం గోడ గడియారం వైపు చూస్తూ నిలబడిన రోజులు నాకు గుర్తున్నాయి. పొద్దున వేసిన మందు ఆ గడియ వచ్చేసరికి ఒంట్లోంచి వెళ్లిపోయేది. మంచి గడియ కోసం ఆగి, ఆ గడియలో ఉండాల్సిన ఒక్క మంచినీ పోగొట్టుకునేవాళ్లం.

నాకు దేవుడి మీద కోపం లేదు. మా ఇంట్లోనూ గడియలు చూస్తారు. గడియ చూడటం మాన్పించాలని ప్రయత్నించిన కుర్ర డాక్టర్లను చూశాను, వాళ్లను జనం "పొగరు" అని పక్కన పెట్టారు. నేను వేరే దారి వెతికాను.

సమ్మయ్య పొట్ట

ఆ దారి దొరికింది కొత్తవాడ నేతకారుడు సమ్మయ్య వల్ల. ఎక్కడో పేగు ఆపరేషన్ చేయించుకున్నాడు, గాయం చీము పట్టి కుట్లు విచ్చుకున్నాయి. చర్మం ఎలాగో కలిసింది గానీ లోపలి గోడ కలవలేదు. నిలబడితే పొట్ట ముందుకు జారేది. తానే నేసిన గుడ్డను నడుముకు బిగించి కట్టుకుని గుంట మగ్గం మీద కూర్చునేవాడు.

"పోగు కొట్టినప్పుడల్లా పొట్ట బయటికొస్తాంది అమ్మా," అన్నాడు నాతో. "ఒక్క జంపఖానా మగ్గం దిగాలంటె పానం పోతాంది. మగ్గం ఇడిసిపెడితే నాకు ఇంకో పని రాదు."

నరహరి సార్ పరీక్ష చేసి, లోపల మెష్ వేయాలన్నారు. మెష్ అంటే సన్నటి వల, చిరిగిన గోడకు వేసే అతుకు. సమ్మయ్యకు ఆ సంగతి అర్థం కావడానికి క్షణం పట్టలేదు, అతుకులు వేయడం అతని పనే. అతను అడిగిన ప్రశ్న ఒక్కటే.

"మళ్ల చీము పడితే ఏమైతది సారూ?"

నరహరి సార్ అబద్ధం చెప్పరు. "వల తీసెయ్యాలె. మళ్ల ఏసుడు కష్టం. మగ్గం సంగతి మర్శిపోవాలె" అన్నారు.

సమ్మయ్య భార్య రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సమ్మయ్యకు షుగర్ ఉంది, బీడీలు కాలుస్తాడు, ఇదివరకే ఒకసారి చీము పట్టిన పొట్ట. చీము పట్టడానికి ఇంతకంటే అనువైన మనిషి దొరకడు. పైగా ఆ నెలలో సార్ చేసిన కేసుల్లో కొన్నింటికి వరసగా చీము పట్టింది. ఆయన సబ్బు మార్పించారు, గోడలు కడిగించారు, సిస్టర్లకు క్లాసులు పీకారు. నేను ఆయన గదిలోకి వెళ్లి, "సార్, ఒకసారి నా వైపు కూడా చూద్దాం" అన్నాను.

ఆయన నవ్వారు. "నీ మత్తుకు నా కోతకు ఏం సంబంధం అమ్మా?"

"సమ్మయ్యను నాకు ఇవ్వండి సార్. కోత పెట్టేదాకా నేను చెప్పినట్టు జరగాలి. కోత పెట్టినంక మీ ఇష్టం."

"చీము పడితే?"

"పడితే మత్తు డాక్టర్ వల్ల పడ్డదని మీరే అందరికీ చెప్పండి."

ఆ మాట ఆయనకు నచ్చింది. ఒప్పుకున్నారు.

పెద్దన్న, పంతులు

మొదట తారీఖు ఇవ్వలేదు. షుగర్ దిగేదాకా, బీడీ మానేదాకా రావద్దన్నాను. సమ్మయ్య మొహం మాడ్చుకుని వెళ్లాడు. నరహరి సార్ "నీ నేతగాడు పారిపోయిండు" అని రోజూ ఆటపట్టించేవారు. అతను పారిపోలేదు. కొన్ని వారాలకు వచ్చి నోరు తెరిచి నా ముందు ఊపిరి వదిలాడు. బీడీ వాసన లేదు.

"పొద్దుమీకి చెయ్యి గుంజుతది అమ్మా బీడీకి. గప్పుడు మగ్గం తలుసుకుంట" అన్నాడు. రక్తపరీక్షలో షుగర్ కూడా దిగింది.

ముందురోజు సాయంత్రం సబ్బుతో వేడినీళ్ల స్నానం, తల పూర్తిగా ఆరాలి, పొద్దున చన్నీళ్లు తగలకూడదు అని రాజమ్మకు చెప్పాను. "సల్ల నీళ్లు పోస్తెనే మడి గద మేడం" అంది. "వేడినీళ్లకు గూడ మడి ఉంటది. పసిపిల్ల తల్లికి చన్నీళ్లు పోస్తమా?" అన్నాను. ఆమె తల ఊపింది.

అప్పుడు దిగాడు సమ్మయ్య పెద్దన్న కొమురయ్య. ఇంటికి పెద్ద, తలపాగా మనిషి. జేబులోంచి చీటీ తీసి, ఈ గడియలో కత్తి పెట్టాలి, ఇది దాటితే వర్జ్యం అన్నాడు. ఆ గడియకు ముందు రాహుకాలం. అంటే మనిషిని బల్ల మీద పడుకోబెట్టి మళ్లీ గడియారం చూడాలి. నాకు ఒళ్లు మండింది గానీ, ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను.

"పెద్దన్నా, పెళ్లిల ముహూర్తం అంటె ఏంది?" అని అడిగాను.

"జీలకర్ర బెల్లం పెట్టుడు."

"తలువాలు ఎప్పుడు పోస్తరు?"

"తర్వాత."

"అవి ఆలస్యమైతె పెళ్లి చెడిపోతదా?"

"ఎందుకు చెడిపోతది? ముహూర్తానికి జీలకర్ర బెల్లం పడ్డది గద."

"ఆపరేషన్ల జీలకర్ర బెల్లం ఏదో తెలుసా? కత్తి కాదు. చీము రాకుండా నేను పెట్టే మొదటి సూది. అది మంచి గడియల పడాలె. కత్తి దాని వెనుక గంటలోపల వస్తది."

కొమురయ్య చాయ్ పూర్తిగా తాగాడు. తర్వాత పంతులుకు ఫోన్ చేసి నా మాటలు నాకంటే బాగా చెప్పాడు. అటు నుంచి ఏం వచ్చిందో గానీ, ఫోన్ పెట్టేసి, "ఏ పనికైన మొదలే ముఖ్యమట. డాక్టరమ్మ మాట శాస్త్రమే అంటాండు" అన్నాడు. నేను ఆ పంతులును ఈ రోజు వరకు చూడలేదు. నా వృత్తి జీవితంలో ఆయన చేసినంత సాయం పెద్ద ప్రొఫెసర్లు కూడా చేయలేదు.

రిమోట్ నా జేబులో

ఆపరేషన్ రోజున సమ్మయ్యను వరండాలో కూర్చోనివ్వలేదు. పక్కనున్న చిన్న గదిలో ఫ్యాన్ ఆపి పడుకోబెట్టాను. రాజమ్మ ఉతికి తెచ్చిన మందపాటి నేత దుప్పట్లు కప్పాం. ముక్కు మీద చెమట కనపడేదాకా కప్పే ఉంచాను. గడియ రాగానే కొమురయ్య తలుపు దగ్గర నిలబడి తన చేతిగడియారం చూసి "ఊ" అన్నాడు. నేను సూది వేశాను. ఆయన చేతులు జోడించాడు. జ్యోతిష్యానికీ వైద్యానికీ అంత సఖ్యత నేనెన్నడూ చూడలేదు.

దుప్పట్లను తలుపు దగ్గరే వదిలాం, నూలు పోగులు థియేటర్ లోపలికి రాకూడదు. లోపల వెచ్చటి గాలి ఊదే యంత్రం పెట్టాను. దాని గొట్టం చివర కాగితపు దుప్పటి ఉబ్బి రోగిని కప్పుతుంది. ఎవరో దాత ఇచ్చినది, "నన్ను ఉడకబెడతవా" అని నరహరి సార్ కసిరితే స్టోర్‌రూమ్‌లో అట్టపెట్టెలోనే ఉండిపోయింది. సార్ లోపలికి రాగానే ఉక్కపోత తగిలింది.

"ఏసీ రిమోట్ ఏది?"

"నా జేబుల ఉంది సార్."

సిస్టర్లు నేల చూపులు చూశారు. సార్ నన్ను చూశారు. నేను సమ్మయ్య ఉష్ణోగ్రత చూపించే అంకెను చూశాను. ఒళ్లంతా గుడ్డలు కప్పి, గాలి యంత్రం పని మొదలుపెట్టాక రిమోట్ సార్ కోరినట్టే సిస్టర్ చేతికిచ్చాను. సర్జన్ చెమట గాయంలో పడినా ప్రమాదమే, ఆయన్ను ఉడకబెట్టడం నా పంతం కాదు. రోగి వెచ్చగా ఉంటే గది చల్లగా ఉన్నా ఫరవాలేదు. ఈ చిన్న ఏర్పాటు కోసం మేము అన్నేళ్లు పోట్లాడుకున్నాం.

లోపల పేగులు పాత గాయానికి అతుక్కుని ఉన్నాయి. సార్ ఒక్కో పొరా విడదీస్తూ పోయారు, పనికి అనుకున్నదానికంటే చాలా ఎక్కువసేపు పట్టింది. ఎక్కించే సెలైన్ కూడా వెచ్చబెట్టే ఎక్కించాను. షుగర్ చూసుకుంటూ ఉన్నాను. మధ్యలో ఆ క్రిముల మందుదే ఇంకో సూది తీశాను.

"అదేంది, మళ్ల ఎందుకు?" అన్నారు సార్ తల ఎత్తకుండా.

"మీరు ఇంకా లోపలనే ఉన్నరు సార్. మందు బయటికి పోతాంది."

మాస్కు వెనక ఆయన నవ్వినట్టు కళ్లు చెప్పాయి. ఆ రోజు వల వేసి కుట్టిన తీరు చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అంత అందమైన పని చీముకు బలి కాకూడదు అనుకున్నాను.

కట్టు విప్పిన రోజు

సార్ ఇలాంటి కట్లు విప్పే పని జూనియర్లకు వదిలేవారు. ఆ రోజు తానే వచ్చారు. నన్నూ పిలిపించారు, తిట్టడానికి దగ్గర్లో ఉండాలని కాబోలు. రాజమ్మ మంచం కాళ్ల వైపు నిలబడింది. సార్ పట్టీ తీసి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పాతకాలపు సర్జన్లు ముందు వాసన చూస్తారు. మళ్లీ ఒకసారి చూశారు. గాయం పొడిగా, గులాబీ రంగు గీతలా ఉంది.

సమ్మయ్య పైకప్పు వైపే చూస్తూ, "సారూ, మగ్గమా? మంచమా?" అన్నాడు.

"మగ్గమే" అన్నారు సార్.

రాజమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచుకోవాలి? సార్ చేతులు కడుక్కుంటూ నా వైపు చూడకుండా, "రేపటి కేసులకు గూడ ఆ గాలి మిషన్ పెట్టుమను" అన్నారు. ఆయన భాషలో అది సన్మానం, శాలువా, పూలదండ అన్నీ కలిపి. ఆ సాయంత్రం థియేటర్ సిబ్బందికంతా మిర్చీ బజ్జీలు తెప్పించాను.

ఆ తర్వాత మా దగ్గర పద్ధతి మారింది. వార్డులో పొద్దున సూది ఆగిపోయింది, అది మా చేతికి వచ్చింది. కొమురయ్య ప్రచారం చేశాడో, పంతులు చేశాడో గానీ, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చినవాళ్లు కూడా "సూది ముహూర్తం ఇదీ" అని చీటీ తెచ్చేవారు. నెలలు గడిచేకొద్దీ డ్రెస్సింగ్ గదిలో చీము పట్టిన కట్ల పుల్లటి వాసన పోయింది. చీము పూర్తిగా మాయమైందని కోతలు కోయను, ఒకటీ అరా వస్తూనే ఉంటుంది. కానీ ఆ గదికి కాపలాగా ఉండే సిస్టర్, "పని లేక నిద్రొస్తాంది మేడం" అని ఫిర్యాదు చేసింది. నేను విన్న ఫిర్యాదుల్లో అంత తియ్యటిది ఇంకొకటి లేదు.

మీ చేతులు

మీకు కాస్త చీవాట్లు కూడా పెట్టాలి. మనవాళ్లు రోగి నోట్లో గొట్టం వేసిన చేతితోనే, అదే గ్లౌజుతో, సెలైన్ గొట్టం మూత ముట్టుకుంటారు. అందులోంచి మందు నేరుగా రక్తంలోకి పోతుంది. అంటే నోట్లోని క్రిములకు మనమే దారి చూపిస్తున్నాం. సర్జన్ మోచేతుల దాకా రుద్ది కడుక్కుంటుంటే పక్కన నిలబడి నవ్వే మత్తు డాక్టర్లను చూశాను. తొందరలో ఉన్నానని అనకండి. ప్రతి ఒక్కరం తొందరలోనే ఉంటాం. గ్లౌజు తీసేయడానికి, చేతులకు మందు రాసుకోవడానికి పట్టే సమయం మీరు ఫోన్ చూసుకునే సమయంకంటే తక్కువ.

చివరి కేసు

నేను రిటైరవడానికి కొద్దిరోజుల ముందు నరహరి సార్‌కే హెర్నియా వచ్చింది. ఆయనకూ మెష్ వేయాలి. ఆయన శిష్యుడే సర్జన్. మత్తు ఎవరివ్వాలని అడిగితే సార్, "ఇంకెవరు?" అన్నారట.

పక్కగదిలో ఆయన మందపాటి దుప్పట్ల కింద పడుకుని ఉన్నారు. ఆ దుప్పట్లు సమ్మయ్య నేసి ఆ గది కోసం ఇచ్చినవి. ప్రతి రెండేళ్లకూ కొత్తవి తెచ్చి, పాతవి పట్టుకెళ్తాడు. అంచు తడిమి చూసి సార్, "ఇంకా గట్టిగనే కొడుతాండు పోగు" అన్నారు.

సార్ భార్య తలుపు దగ్గర గడియారం చూస్తూ నిలబడింది. గడియ రాగానే నాకు సైగ చేసింది. నేను మొదటి సూది వేశాను. ఆమె కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

థియేటర్‌లోకి తీసుకెళ్లి, నేను మత్తు మందు ఎక్కించడం మొదలుపెట్టాను. అప్పుడే ఆయన శిష్యుడు గౌను వేసుకుంటూ, ఉక్కగా ఉందని ఏసీ ఇంకా చల్లగా పెట్టమన్నాడు. బల్ల మీంచి, కళ్లు సగం మూతపడుతున్నా, పాత గొంతు గర్జించింది.

"ఎవరు ముట్టిండ్రు ఏసీ? రిమోట్ మేడంకు ఇయ్యి. ఆమె చెప్పేదాక ఎవ్వరు ముట్టద్దు."

ఆ మాట వినడానికే ఉద్యోగమంతా చేసినట్టుంది నాకు. ఇంకోసారి చెప్పించుకుందామని, "ఏమన్నరు సార్?" అని వంగి అడిగాను. అప్పటికే నా మందు పనిచేసి, ఆయన వెచ్చగా నిద్రపోతున్నారు.